ఏ ట్యాబ్ తెరిచి ఉందో నాన్నగారికి వెంటనే తెలియాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారు రాయగడలో దుకాణం లెక్కలు స్వయంగా కంప్యూటర్‌లో రాసుకుంటారు. బ్రౌజర్‌లోనూ ఎక్సెల్‌లోనూ నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి ఉంటాయి. ఏది తెరిచి ఉందో పోల్చుకోలేక ఒకదానిలో వేయవలసిన అంకె ఇంకొకదానిలో వేస్తున్నారు. తెరిచిన ట్యాబ్ రంగు మార్చే దారి ఉందా అని అడిగారు.

ఉంది. అయితే రంగు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. నేను పర్లాకిమిడిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. మా చుట్టుపక్కల చాలామందికి ఇల్లు ఒడిశాలో ఉంటే పొలం ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉంటుంది. వారి కోసం ఒడిశా భూముల సైటు భూలేఖ్‌లో ఖతియాన్ (హక్కుల పత్రం), ఆంధ్ర సైటు మీభూమిలో అడంగల్ ఒకేసారి తెరుచుకుని కూర్చోవాలి. ఆపైన దరఖాస్తులు, ఫీజు రసీదులు. ఒడియా అక్షరాలూ గుండ్రనివే, మనవీ గుండ్రనివే. ట్యాబ్ మీద పేరు రెండు మూడు అక్షరాలకు కుదించుకుపోయాక ఏది ఏ భాషో నా కళ్లకే వెంటనే అందదు. అందుకే ట్యాబ్‌ల మీద నాకు కొంచెం కచ్చ ఉంది, ఆ కచ్చతోనే రాస్తున్నాను.

ముందు తెర సంగతి చూడండి. తక్కువ ధర మానిటర్లలో చాలావాటికి టీఎన్ రకం తెర ఉంటుంది. దానిని ఎదురుగా కాకుండా పై నుంచో కింది నుంచో చూస్తే లేత రంగుల మధ్య తేడా చెదిరిపోతుంది. తెరిచిన ట్యాబ్ తెల్లగా, మిగతావి లేత బూడిద రంగులో ఉంటే, ఆ కోణంలో అన్నీ ఒకటే తెలుపు. దుకాణాల్లో మానిటర్‌ను బల్ల మీద వెనక్కి వాల్చి పెట్టడం మామూలే, మీ ఇంట్లోనూ అలాగే ఉంటే ముందు దాన్ని కంటికి ఎదురుగా తిప్పండి. ఇంకో విషయం, వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపు పచ్చబడుతుంది. లేత నీలానికీ లేత బూడిద రంగుకూ తేడా పట్టడం పెద్దవారికి నిజంగానే కష్టం. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి మాత్రం లేత నీలమంటే ఎక్కడలేని ప్రేమ.

ఇక బ్రౌజర్. క్రోమ్‌లో తెరిచిన ట్యాబ్ ఎప్పుడూ కింద ఉన్న అడ్రస్ పట్టీ రంగులోనే ఉంటుంది. మిగతా ట్యాబ్‌లు వెనక ఉన్న చట్రం రంగులోకి పోతాయి. కాబట్టి మీకు కావలసినది చట్రం ముదురుగా, పట్టీ లేతగా ఉన్న థీమ్. కొత్త ట్యాబ్ తెరిస్తే కింద కుడి మూలన కస్టమైజ్ క్రోమ్ అనే పెన్సిల్ గుర్తు ఉంటుంది, అందులో రంగులు మార్చి చూడవచ్చు. అక్కడ ఉన్నవి చాలక, ఇంకా గట్టి తేడా కావాలంటే క్రోమ్ వెబ్ స్టోర్‌లో థీమ్‌లు వెతకండి. పూర్తి నల్ల థీమ్ మాత్రం వద్దు. అందులో ముదురు మీద ముదురు వచ్చి మొదటికే మోసం వస్తుంది.

ఫైర్‌ఫాక్స్ వాడుతుంటే కొంచెం కథ ఉంది. 2021 జూన్‌లో వచ్చిన 89వ వెర్షన్‌లో ట్యాబ్‌ల ఆకారమే మార్చారు. అంతవరకు తెరిచిన ట్యాబ్ కింది పట్టీతో అతుక్కుని ఉండేది, ఆ తర్వాత విడిగా తేలుతున్న మీటలా అయింది. పాత కాగితపు దస్త్రంలో పైకి పొడుచుకు వచ్చిన అట్టముక్క ఏ కాగితాలకు అతుక్కుని ఉంటే ఆ కాగితాలే మన ముందున్నవని తెలుస్తుంది కదా, ఆ అతుకు పోయింది. చూడడానికి సొగసుగా ఉన్న మాట నిజమే కాని, ఈ సొగసు దుకాణంలో అక్కరకు రాదు. దీనికి మందు మొజిల్లావారి ఫైర్‌ఫాక్స్ కలర్ అనే పేజీ. అక్కడ చట్రానికో రంగు, తెరిచిన ట్యాబ్‌కో రంగు, దాని మీది గీతకో రంగు విడివిడిగా ఎంచుకోవచ్చు. మా సెంటర్‌లో చట్రం ముదురు నీలం, తెరిచిన ట్యాబ్ పసుపు, దాని మీద అక్షరాలు నలుపు. అందం అడగకండి. యూజర్‌క్రోమ్ అనే ఫైలు రాసి ఆకారాన్నే మార్చుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. 2019లో 69వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఆ ఫైలును మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప చదవదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అందులో ఏదో ఒకటి చెడే అవకాశమూ ఉంది. మీరు పక్కన లేనప్పుడు నాన్నగారికి ఆ తలనొప్పి ఎందుకు?

కంట్రోల్, ప్లస్ నొక్కితే పేజీలోని అక్షరాలు పెరుగుతాయి కాని పైనున్న ట్యాబ్ పట్టీ పెరగదు. ట్యాబ్‌లు కూడా పెద్దవి కావాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, స్కేల్ దగ్గరకు వెళ్లి 125 శాతం పెట్టండి. ట్యాబ్‌లు పక్కకు కాకుండా ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే పేర్లు చాలావరకు చదవగలిగేలా కనబడతాయి. ఎడ్జ్‌లో ఆ వసతి 2021 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో 2025లో 136వ వెర్షన్‌తో వచ్చింది. తెలుగు పేర్లకు నిలువు పట్టీయే మేలని నా అభిప్రాయం. వత్తులూ గుణింతాలూ ఉన్న మాటను సగంలో నరికితే ఏమీ మిగలదు.

అసలు గొడవంతా ఎక్సెల్‌లో ఉంది. నాన్నగారు తప్పు అంకె వేసేది కూడా అక్కడే అనుకుంటాను.

ఎక్సెల్‌లో షీట్ పేరు మీద కుడి బటన్ నొక్కితే ట్యాబ్ కలర్ అని ఉంటుంది. అందరూ మొదట చేసే పని అదే, అమ్మకాలకు ఆకుపచ్చ, కొనుగోళ్లకు ఎరుపు. చేసి చూడండి, తిరకాసు వెంటనే కనబడుతుంది. మీరు తెరవని షీట్‌కు నిండు రంగు ఉంటుంది. తెరిచిన షీట్ రంగేమో పలచబడి, తెలుపులోకి కరిగిపోతుంది. అంటే అమ్మకాల షీట్‌లో ఉన్నప్పుడు కళ్లు చెదిరేలా వెలిగేది కొనుగోళ్ల ఎరుపు! తెలియనివారు వెలుగుతున్నదే తెరిచి ఉందనుకోవడంలో తప్పేముంది? రంగులు వేయకుండా వదిలేస్తే కొత్త ఎక్సెల్ తెరిచిన షీట్ పేరును లావు అక్షరాలతో, కింద ఆకుపచ్చ గీతతో చూపిస్తుంది. రంగులు వేసి చెడగొట్టడం కంటే అదే నయం.

పైగా ఆ ట్యాబ్‌లు తెర అడుగున ఉంటాయి, టైపు చేస్తున్న గడి ఎక్కడో పైన ఉంటుంది. కన్ను గడి మీదే ఉంటుంది, అంకె వేసే ముందు ఎవరూ కిందికి చూసి రారు. కాబట్టి గుర్తు పెట్టవలసినది ట్యాబ్ మీద కాదు, షీట్ లోపల. ప్రతి షీట్‌లో అన్నిటికంటే పైన కొత్తగా ఒక ఖాళీ వరుస చేర్చి, అందులో పెద్ద అక్షరాలతో అమ్మకాలు అనో కొనుగోళ్లు అనో రాయండి. ఆ వరుసకంతా గట్టి రంగు నింపండి, అమ్మకాలకు ఆకుపచ్చ, కొనుగోళ్లకు నారింజ, అప్పులకు ఊదా. తర్వాత వ్యూ మెనూలో ఫ్రీజ్ పేన్స్, ఫ్రీజ్ టాప్ రో నొక్కండి. ఎంత కిందికి జరిపినా ఆ రంగు పట్టీ పైన అలాగే నిలబడి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని చూపు మగవారిలో ఎక్కువ, అందుకే ఆ రెండింటినీ జంటగా వాడకండి, పేరు కూడా తప్పక రాయండి. మా దగ్గర లెక్కలు రాసే అమ్మాయి ఈ పట్టీ పెట్టాక కింది ట్యాబ్‌ల వైపు చూడడమే మానేసింది.

షీట్‌ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కంట్రోల్ మీట నొక్కి ఉండగా రెండో షీట్ పేరు మీద మౌస్ నొక్కుడు పడితే రెండు షీట్‌లూ ఒక గుంపు అవుతాయి. అప్పుడు ఒకదానిలో వేసిన అంకె రెండోదానిలోనూ అదే గడిలో పడుతుంది. కిటికీ పైన ఫైలు పేరు పక్కన గ్రూప్ అని చిన్నగా కనబడుతుంది తప్ప వేరే హెచ్చరిక ఉండదు. నాన్నగారి లెక్కల్లో ఒకే అంకె రెండు షీట్‌లలో ఒకే చోట కనబడితే ముందు దీన్నే అనుమానించండి. పేరు మీద కుడి బటన్ నొక్కి అన్‌గ్రూప్ షీట్స్ అంటే విడిపోతాయి.

దుకాణం లెక్కలకు వేరే సాఫ్ట్‌వేర్ కూడా వాడుతున్నారేమో మీరు రాయలేదు. వాడుతుంటే ఇదీ చూడండి. పలాస నుంచి జీడిపప్పు తెచ్చి అమ్మే ఒక వ్యాపారి తన బిల్లుల సాఫ్ట్‌వేర్ నా దగ్గరకు తెచ్చారు, దాని పేరు అనవసరం. అందులో రెండే ట్యాబ్‌లు, అమ్మకం, కొనుగోలు. ఒకటి నీలం, ఒకటి బూడిద. నీలం తెరిచినదా, నొక్కమని పిలుస్తున్నదా? ట్యాబ్‌లు నాలుగు ఉంటే వేరుగా ఉన్న ఒక్కటే తెరిచినదని ఎవరైనా పోల్చుకుంటారు. రెండే ఉన్నప్పుడు వేరుగా ఉన్నది ఏదని అంటాం? రెండూ ఒకదానికొకటి వేరే కదా. ఆయన గుమస్తా వచ్చిన సరుకును కొన్నాళ్లపాటు అమ్మకంలో ఎక్కించాడు, తేడా సరుకు లెక్క చూసినప్పుడు బయటపడింది. అదృష్టవశాత్తు ఆ సాఫ్ట్‌వేర్ రాసినది బరంపురం కుర్రాడే, ఫోనులో దొరికాడు. తెరిచిన ట్యాబ్‌కూ కింది పేజీకీ ఒకే రంగు వేసి మధ్య గీత తీసేయమన్నాను, రెండోదానికి చుట్టూ గీత ఉంచమన్నాను. సాయంత్రానికల్లా మార్చి పంపాడు.

మీకూ అలా చెప్పగలిగే మనిషి ఉంటే కొలత కూడా చెప్పండి. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండడానికి 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 నియమాల ప్రకారం, ఏ భాగం ఏ స్థితిలో ఉందో చెప్పే గుర్తుకూ దాని పక్క రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 3కి 1 ఉండాలి, రంగు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. కంప్యూటర్‌లో ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలతో, ఒక్కొక్కటీ 0 నుంచి 255 వరకు, చెబుతారు. తెలుపు పక్కన, ఆ మూడూ 224 చొప్పున ఉన్న బూడిద పెడితే ఆ తేడా 1.3 మాత్రమే. మూడూ 148కి దించితే 3 దాటుతుంది. చూపు బాగా తగ్గినవారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు కూడా ఏ ట్యాబ్ ఎంచుకున్నదో తెలిసేలా కోడ్‌లో రాయాలి, చాలామంది అది మరిచిపోతారు.

రాసినవారు దొరకని సాఫ్ట్‌వేర్ అయితే చివరి మార్గం విండోస్ కాంట్రాస్ట్ థీమ్. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కాంట్రాస్ట్ థీమ్స్ అని ఉంటుంది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కి, వచ్చే ప్రశ్నకు యెస్ అన్నా చాలు. పాతకాలపు సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఈ రంగులకు లొంగుతాయి, తెరిచిన ట్యాబ్ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెర అంతా ఒక్కసారిగా నల్లబడి అక్షరాలు వెలుగుతాయి కాబట్టి నాన్నగారికి ముందే చెప్పి చేయండి, కంప్యూటర్ చెడిపోయిందని కంగారుపడతారు. నచ్చకపోతే అవే మూడు మీటలు మళ్లీ నొక్కితే పాత రంగులు వచ్చేస్తాయి.