తోడికోడలి నోట విన్న అప్పు

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. వయసు 36. చెల్లెలి కాన్పు ఖర్చుకు 80 వేలు వడ్డీకి తెచ్చాను. మా అన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత మా వదిన ద్వారా నా భార్యకు తెలిసింది. అప్పటినుంచి నా ఫోన్, జీతం మెసేజీలు అన్నీ చూస్తోంది. ఫ్యాక్టరీలోనూ ఇదే గోల. ఒక లోడులో సైజు తప్పు రాసి, సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను. లారీ డ్రైవర్ ఓనర్‌కు చెప్పేశాడు. ఇప్పుడు ప్రతి బిల్లూ ఆయనే చూస్తాడు. రూపాయి తినలేదు, అబద్ధమాడలేదు. అయినా దొంగను చూసినట్టు చూస్తున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సలహా: అబద్ధమాడలేదన్నది నిజమే. కానీ రెండుచోట్లా మీరు చెప్పాల్సిన సంగతి ఇంకొకరు చెప్పారు. మీ భార్య బాధ 80 వేల గురించే అయితే నాలుగు రోజులు అరిచి ఊరుకునేది. అన్నకు చెప్పి తనకు చెప్పలేదు మీరు. తోడికోడలు చెబుతుంటే అన్నీ తెలిసినట్టు ముఖం పెట్టాల్సి వచ్చింది చూడండి, అదీ ఆమెకు మండింది.

‘నువ్వు బాధపడతావని చెప్పలేదు’ అని ఈపాటికి అనే ఉంటారు. (నేనూ మా ఇంట్లో ఒకసారి అన్నాను. పని చేయలేదు.) అందులో నిజం సగమే. చెల్లెలికి ఎందుకిచ్చావని అడుగుతుందేమోనన్న భయం మిగతా సగం. అదీ ఒప్పుకోండి.

కడప బండ సున్నపురాయి కదా, మీకు నేను చెప్పేదేముంది. నిమ్మరసం పడిన వెంటనే తుడవకుండా తెల్లారేదాకా వదిలేస్తే పాలిష్ పోయి తెల్లమచ్చ పడుతుంది. ఆ తర్వాత గుడ్డతో పని కాదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. మీ ఇంట్లో పని ఇప్పుడు అక్కడికొచ్చింది. టైం పడుతుంది.

పిల్లలు పడుకున్నాక కాగితం మీద రాసి చూపించండి: ఎవరి దగ్గర తెచ్చారు, ఎంత తీర్చారు, ఇంకెంత ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 1,600 పోతోందని ఆమెకు తెలియాలి. ఇంకేదైనా దాచి ఉంటే అదీ ఆ రాత్రే చెప్పేయండి. విడతలవారీగా బయటపడితే కథ ప్రతిసారీ మొదటికొస్తుంది. ‘నా మీద నమ్మకం లేదా?’ అని మాత్రం అడక్కండి. లేదు కాబట్టే ఫోన్ చూస్తోంది. రెండు మూడు నెలలు ముఖం చిట్లించకుండా చూడనివ్వండి, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని దాని గురించి మాట్లాడుకోండి. ఏళ్లతరబడి కాపలా కాయడం ఆమెకూ మంచిది కాదు.

ఓనర్ సంగతి సులువే. ఆయన పిలవకముందే సాయంత్రం లోడు పుస్తకం పట్టుకెళ్లండి. తప్పు జరిగితే ఆ రోజే, ఎంత నష్టమో, ఎలా సరిచేస్తారో కలిపి చెప్పండి.

నిద్రలేమి ఇంకో రెండు వారాలు సాగితే డాక్టర్‌ను కలవండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

అన్నట్టు, మీ అన్నకూ ఒక మాట చెప్పాలి. ఇకమీదట డబ్బు విషయం ఏదైనా ముందు ఇంట్లో చెప్పాకే తనకు చెబుతానని. ఆ ఫోన్ ఆవిడ పక్కనుండగానే చేయండి.