మూడు లక్షల కెమెరా అడుగుతున్నాడు, కొనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లో రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సరదాగా ఫొటోలు తీసేవాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి కమర్షియల్ ఫొటోగ్రఫీ, అంటే షాపులకీ కంపెనీలకీ సరుకుల ఫొటోలు తీసిపెట్టే పని, చేస్తానంటున్నాడు. 3,10,000 రూపాయల కెమెరా కావాలట. డిగ్రీ కోర్సు చేయించడం మేలా, నేరుగా దిగనివ్వడం మేలా? సంబంధాలు చూస్తున్న సమయంలో ఇదేం గొడవండీ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంది. పెళ్లివారికి ఏమని చెప్పుకోవాలన్నదే కదా! ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఏమీ అనుకోకండి గానీ, కెమెరా ధర పదివేలతో సహా రాసిన మీరు, మీవాడు తీసిన ఫొటోల గురించి ఒక్క ముక్క రాయలేదు. అసలు చూశారా?

అలాగని నేను అబ్బాయి పక్షమూ కాదు. ఇన్‌స్టాలో లైకులు, రెండు రోజుల వర్క్‌షాపు, ఈఎంఐలో కెమెరా, ఆ వెంటనే రాజీనామా. ఇప్పుడు నడుస్తున్న ఈ ఫ్యాషన్ మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. సూర్యాస్తమయం ఫొటో బాగా రాకపోతే ఎవరూ నిలదీయరు, చీరల షాపాయన నిలదీస్తాడు. నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు మొదటి ఆర్డరుగా నలభై చీరలు తీశాడు, షాపులోని ట్యూబ్‌లైట్ల కిందే. మెరూన్ చీర ఫొటోలో ఎర్రగా పడింది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు తిప్పి పంపారు, ఇతని డబ్బు ఆగిపోయింది. సరైన లైటు పెట్టి, రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, అదే గ్రే కార్డుతో, ఒక షాట్ తీసుకుని ఉంటే సరిపోయేది. నగలైతే మరీ కష్టం, తీసేవాడి చొక్కా కూడా చేతిగాజు మెరుపులో కనబడుతుంది. అమెజాన్‌లో మెయిన్ ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ అచ్చ తెలుపు ఉండాలి, ఫ్రేములో 85 శాతం వస్తువే కనబడాలి. అక్కడ మీవాడి అభిరుచితో పనిలేదు.

ఇక కోర్సు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ డిగ్రీ (బీఎఫ్ఏ) నాలుగేళ్లు. ఇంటర్ పిల్లలకైతే మంచిదే, బీటెక్ అయినవాడికి మళ్లీ నాలుగేళ్లెందుకు? గుజరాత్ గాంధీనగర్‌లోని డిజైన్ సంస్థ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ పీజీ (ఎండిజైన్) ఉంది, దాని ఎంట్రన్స్ బీటెక్ వాళ్లూ రాయొచ్చు, కానీ చీరలూ నగలూ తీయడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. శనాదివారాలు ఎవరైనా ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్ దగ్గర వెలుతురు మళ్లించే రిఫ్లెక్టర్ పట్టుకుని పని నేర్చుకోమనండి. కెమెరా, లైట్లు హైదరాబాద్‌లో రోజు అద్దెకు దొరుకుతాయి.

ఆర్డరు వస్తే ఎన్ని ఫొటోలు, ఎన్నిసార్లు మార్పులు, ఎక్కడ వాడుకుంటారు అన్నీ కాగితం మీద పెట్టి సగం అడ్వాన్సు తీసుకోవాలి. మొహమాటపడితే నష్టం తనకే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే.

మీవాడు దారి తప్పాడని బెంగ పెట్టుకోకండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కూడా ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగం చేస్తూనే 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. ఉద్యోగం వదిలింది దాదాపు పదేళ్ల తర్వాతే. మీవాడికి అంత అక్కర్లేదు. ఒకసారి తీయించుకున్న షాపువాళ్లే మళ్లీ మళ్లీ పిలుస్తూ, ఆ డబ్బుతో ఆరు నెలలు ఇంటద్దె గడిస్తే అప్పుడు రాజీనామా మాట ఎత్తనివ్వండి. కెమెరా కూడా ఆ డబ్బుతోనే కొనుక్కోమనండి, మీరు ఎఫ్‌డీ విరగ్గొట్టొద్దు.

ఈలోగా పెళ్లివారు అడిగితే సాఫ్ట్‌వేర్ అనే చెప్పండి, అబద్ధమేమీ కాదు. కెమెరా సంగతి పిల్లకి వాడే చెప్పుకుంటాడు.