2012 అవుట్‌బ్యాకా, 2014 అవుట్‌బ్యాకా? ముందు చేతిలో ఎంత మిగులుతుందో చెప్పు

తమ్ముడూ, నీ మెసేజ్ కంటే ముందు మీ నాన్నగారే వచ్చేశారు. నేను సంక్రాంతికి పాలకొల్లు వచ్చానని ఎవరు చెప్పారో గానీ, పొద్దున్నే మలికిపురం నుంచి చించినాడ వంతెన దాటుకుని మోటారు సైకిలు మీద దిగారు. "మావాడు కారు కొంటాడంటమ్మా, పాతదా కొత్తదా తేల్చుకోలేకపోతున్నాడు. కొబ్బరి డబ్బులు ఉన్నాయి, పంపేయమంటావా?" అన్నారు. వద్దండీ అన్నాను. కాఫీ తాగి, అనుమానంగానే వెళ్లారు. ఎందుకు వద్దన్నానో నీకైనా చెప్పాలి కదా.

నువ్వు రాసింది ఇదీ. అమెరికాలో, సిరక్యూజ్‌లో రెండు పాత సుబారు అవుట్‌బ్యాక్ కార్లు చూశావు. 2012ది 1,28,000 మైళ్లు తిరిగింది, 6,500 డాలర్లు. 2014ది 1,12,000 మైళ్లు, 8,900. నీ దగ్గరున్నది 9,500. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి, పైన 2,400 దేనికి పెట్టాలి అంటున్నావు.

ఒకేలా ఉంటాయి మరి, ఒకే తరం బళ్లు. 2010 మోడల్‌తో మొదలై 2014 దాకా నడిచిన తరం అది. 2013లో మొహం కొంచెం మార్చారు, అసలు మార్పు మాత్రం బానెట్ కింద చేశారు. 2012 వరకు 2.5 లీటర్ల పాత ఇంజన్, టైమింగ్ బెల్ట్‌తో, అంటే లోపలి వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే పట్టీతో. 2013 నుంచి అదే 2.5లో కొత్త ఇంజన్, చైన్‌తో. చైన్‌ని ఇన్ని మైళ్లకని మార్చే పని లేదు. బెల్ట్‌ని 1,05,000 మైళ్లకి మార్చి తీరాలి. నువ్వు చూసిన 2012 బండి ఆ లెక్క ఎప్పుడో దాటేసింది. అమ్మేవాడు "మార్పించేశాం" అంటాడు. రసీదు చూపించమను. రసీదు లేదంటే మార్చలేదనే లెక్క.

ఈ బెల్ట్ గురించి ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానో విను. నేను 2007 జనవరిలో అమెరికా వచ్చాను. అప్పుడు డాలరు నలభై చిల్లర, ఇప్పుడు దానికి రెట్టింపు దాటింది. మా నాన్న రొయ్యల చెరువుకి అప్పు తెచ్చారు, వైరస్ వచ్చి పంట మొత్తం పోయింది. జీతం పడగానే ముందు ఊరికి, తర్వాత అద్దెకి, మిగిలితే నాకు. కాఫీ తాగినా రూపాయల్లోకి మార్చి చూసుకునేదాన్ని, అందులో సగం కాఫీలు మానేసేదాన్ని. మంచులో బస్టాపు దగ్గర నిలబడి నిలబడి, ఇక ఇది పని కాదని ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, కొన్నాను. ఏ కంపెనీదో అనవసరం, దాని తప్పేమీ లేదు. అది కూడా కొత్త మోడల్ రాకముందుది, అందుకే చవక.

మెకానిక్‌కి చూపిస్తే వంద డాలర్లన్నాడు. నాలుగు వేల రూపాయలు పైమాటే, అమ్మ ఇంటి సరుకులన్నీ వచ్చేస్తాయి అనుకుని మానేశాను. చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేశాను. ఇన్సూరెన్స్ మొదటి వాయిదాకి రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకున్నాను. ఇంత చేసి, కారు కొన్నానని ఇంటికి ఫోన్ చేసి గొప్ప చెప్పుకున్నాను కూడా.

ఎండాకాలం అంతా బండి బాగానే తిరిగింది. ఆయిల్ మార్పిద్దామని షెడ్డుకి వెళ్తే ఆ ముసలాయన కవరు విప్పి చూపించాడు. బెల్ట్ మొదట్నుంచీ ఉన్నదే, అంచులన్నీ పగుళ్లు. ఆరొందలు అవుతుందమ్మా, ఇవాళే వదిలేసి వెళ్లు అన్నాడు. ఆ నెల చెరువు అప్పు వాయిదా ఉంది. వచ్చే నెల చేయిస్తానన్నాను. ఆ తర్వాతి నెల చెల్లి ఫీజు. మొత్తానికి జనవరిలో, ఐ-81 హైవే మీద, వెనక ట్రక్కు, పక్కన ట్రక్కు, ఇంజన్ టక్కున ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఎలాగో పక్కకి లాగాను. బెల్ట్ తెగితే ఇలాంటి ఇంజన్లలో వాల్వులు తెరిచి ఉండగానే పిస్టన్లు వచ్చి గుద్దుకుంటాయి. లోపల ఏదీ మిగల్లేదు. టోయింగ్‌కి నేనే ఇచ్చుకుని, పాత ఇనుము రేటుకి అమ్ముకుని, మళ్లీ అదే బస్టాపుకి వచ్చాను.

ఇప్పుడు అమెరికాలో మా ఊళ్లో కొత్తగా దిగిన మనవాళ్లు బండి చూడ్డానికి వెళ్లేముందు నాకు ఫోన్ చేస్తారు. మా ఆయనకి జాక్ ఎక్కడుంటుందో తెలీదు, టైరు నేనే మారుస్తాను. మీ తరానికి ఫోన్లో కారు కొనడం బాగా వచ్చు గానీ, బానెట్ తెరిచే మీట ఎక్కడుందో వెతుక్కుంటారు. ఏమీ అనుకోకు.

నా దృష్టిలో పాత మోడల్ కొనడంలో తప్పు లేదు. కొన్న మర్నాడు చేతిలో పైసా లేకపోవడమే ప్రమాదం. అందుకని నీ లెక్క నేను వేసి చూశాను.

మీ కౌంటీలో అమ్మకపు పన్ను 8 శాతం. 2014 బండి 8,900, పన్ను 712, వెరసి 9,612. అంటే తాళం చేతికి రాకముందే నువ్వు అప్పులో ఉన్నావు. 2012 బండి 6,500, పన్ను 520, మొత్తం 7,020. బెల్టూ, దాంతోపాటే వాటర్ పంపూ మార్పించడానికి ఓ 900 పెట్టు. కొనకముందు మంచి షెడ్డులో చూపించడానికి 150. ఇంకా నీ దగ్గర 1,430 ఉంటుంది. అందులో ఓ సగం మంచు టైర్లకి పోతుంది, మిగతాది ముట్టుకోకు.

2014 వాడు మైలేజీ గురించి చెప్తాడు. నిజమే, కొంచెం మెరుగు. గాలనుకి కలిపి చూస్తే పాతది 24 మైళ్లు, కొత్తది 26. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే మిగిలేది నలభై గాలన్లు కూడా కాదు. 2,400 డాలర్లు ఆ దారిన రాబట్టాలంటే నీకు పిల్లలు పుట్టి బడికి వెళ్లాలి. ఐసైట్ అని ముందు అద్దం దగ్గర కెమెరాలు, తనంతట తనే బ్రేకు వేసేది, అమెరికాలో 2013 నుంచి వచ్చింది. మంచిదే, కానీ అన్ని బళ్లలోనూ ఉండదు. పై రకాల్లో అదనంగా డబ్బు కట్టినవాళ్లకే ఇచ్చారు. నువ్వు చూసినదాంట్లో ఉందో లేదో చూసుకో. ఉంటే, రాయి తగిలి అద్దం పగిలిన రోజున ఖర్చు కూడా ఎక్కువే.

కొత్త ఇంజన్‌కీ దాని జబ్బు దానికుంది. మొదట్లో వచ్చినవి ఆయిల్ తాగేస్తున్నాయని 2013 అవుట్‌బ్యాక్ ఓనర్లు కోర్టుకి వెళ్తే కంపెనీ రాజీ చేసుకుంది. 2014 అని నిశ్చింతగా ఉండకు. ఇంజన్ చల్లగా ఉండగా ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడు, ఆయిల్ మధ్య మధ్యలో పోస్తున్నారా అని అడుగు. పాత 2.5కి హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ భాగాల మధ్య ఉండే అతుకు, కారుతుందనే పేరుంది. బండి పైకి లేపినప్పుడు ఇంజన్ కింది అంచుల్లో ఆయిల్ తడి ఉందేమో షెడ్డువాడు చూస్తాడు.

గేర్లు రెండింట్లోనూ సీవీటీయే, అంటే తనంతట తనే మారే రకమే, అని రాశావు. 2010 నుంచి 2015 వరకు బళ్లకి కంపెనీ దాని వారంటీని పదేళ్లు లేదా లక్ష మైళ్లకి పొడిగించింది. నీ రెండు బళ్లూ లక్ష దాటినవే, కాబట్టి అది పోతే పూర్తిగా నీ జేబే. బండి అంత విలువా దానికే అయిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఇంజన్ వణికినా, ఆగిపోయినా దణ్ణం పెట్టి వచ్చేయ్.

అన్నిటికంటే ముందు బండి కిందకి చూడు. అంతర్వేది ఉప్పు గాలికి గేట్లూ, సైకిళ్లూ ఎలా తినేస్తాయో చూస్తూ పెరిగినవాడివి. సిరక్యూజ్‌లో ఆ ఉప్పుని చలికాలమంతా రోడ్ల మీద వాళ్లే చల్లుతారు. కింద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ముచ్చటపడకు, స్క్రూడ్రైవర్‌తో పొడవమని మెకానిక్‌కి చెప్పు. వెనక చక్రాల దగ్గర ఫ్రేము పెళుసుగా ఉంటే 2012 అయినా 2014 అయినా ఒకటే, వదిలెయ్.

అవుట్‌బ్యాక్ కూడా నాలుగు చక్రాలూ లాగే బండే, కాబట్టి టైర్లు నాలుగూ ఒకే రకం, ఒకేలా అరిగినవై ఉండాలి. అరుగుదలలో 2/32 అంగుళం కంటే తేడా ఉంటే నాలుగు చక్రాల మధ్య పని పంచే భాగం వేడెక్కి పాడవుతుంది. రెండు కొత్తవి, రెండు పాతవి వేసి అమ్ముతుంటే నాలుగింటి ఖరీదూ బేరంలో తగ్గించు. ఇంకో మాట, ఫోర్ వీల్ డ్రైవ్ మంచులోంచి బండిని లాగుతుంది, ఆపడానికి పనికిరాదు. ఆపేది టైర్లే. నిజానికి ముందు చక్రాలు మాత్రమే లాగే మామూలు కారుకి మంచు టైర్లు వేసుకున్నా నీ ఆఫీసుకి సరిపోతుంది. నువ్వు వినవు, అది వేరే సంగతి.

టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం), రిజిస్ట్రేషన్, ఏటేటా చేయించే ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ వివరాలు డీఎంవీ, అంటే మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ, సైటులో ఉంటాయి. రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసేవి, ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ సైటులో బండి విన్ నంబరు (నంబరు ప్లేటుది కాదు, బండి మీద చెక్కి ఉండేది) కొడితే తెలుస్తాయి, ఎయిర్‌బ్యాగ్‌ది తప్పకుండా చూడు.

డీలర్ లోను ఇస్తానంటాడు. నీకింకా క్రెడిట్ చరిత్ర లేదు, వడ్డీ వాచిపోతుంది. "నెలకి ఎంత కట్టగలవు" అని నవ్వుతూ అడుగుతాడు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పకు. నెల మొత్తం చిన్నదిగా చూపించి ఏళ్లు పెంచేస్తారు. నాన్నగారి డబ్బు అంతకన్నా వద్దు. కొబ్బరి మంచి రేటు ఉన్న ఏడాది పక్కన పెట్టుకున్న సొమ్ము అది. కొబ్బరి దింపు సరిగ్గా లేని ఏడాది ఆయన నిన్ను అడగరు, నువ్వు పంపాలి. కారుకని తెప్పించుకున్నవాడివి అప్పుడేం పంపుతావు?

కాబట్టి 2012 తీసుకో. బెల్ట్ రసీదు లేదని చెప్పి 5,800 దగ్గర బేరం మొదలుపెట్టు. 2014 వాడు 7,800కి దిగితే మాత్రం మాట మారుస్తాను, అప్పుడు పన్నూ, చూపించే ఖర్చూ పోను నీ దగ్గర తొమ్మిదొందల పైన ఉంటుంది, బెల్ట్ పని ఉండదు. ఈ పాత బళ్లకి కొలిజన్ ఇన్సూరెన్స్, అంటే గుద్దుకుంటే మన బండి నష్టానికి ఇచ్చేది, తీసుకోకు. లయబిలిటీ, అంటే అవతలివాళ్ల నష్టానికి ఇచ్చేది, మాత్రం కనీసం కంటే ఎక్కువ పెట్టుకో.

కనుమ అయ్యాక నేను బయల్దేరతాను. ఈలోగా షెడ్డువాడు రాసిచ్చిన కాగితం ఫోటో తీసి పంపు. కారు ఫోటోలు చాలు, ఇప్పటికే పదహారు పంపావు.