పట్టీ పెంచితే టైరుకి చోటు రాదు తమ్ముడూ

కవిటి నుంచి పలాసకి కొబ్బరికాయలు తోలే బండికి వెనక 165 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు తీసి 195 వేశావు, లోడు పడగానే లోపల రాసుకుంటోంది, కమాన్‌కట్టలో, అంటే ఇరుసుకి బిగించే స్ప్రింగు పట్టీల కట్టలో, ఇంకో పట్టీ వేయిస్తే పోతుందా అని కదా అడిగావు.

కమాన్‌కి రాస్తుంటే పోదు. పట్టీ వేస్తే బాడీ పైకి లేస్తుందంతే, టైరుకీ కమాన్‌కీ మధ్య సందు నూలంత కూడా పెరగదు. రిమ్ పాతదే అయితే పెరిగిన 30 మిల్లీమీటర్లలో 15 లోపలికే వస్తాయి.

ముందు ఎక్కడ తగులుతోందో చూడు. నా బండికైతే పట్టీ అంచు అద్దంలా మెరిసిపోయింది, టైరు పక్కన గోరు దిగేంత గాడి పడింది. సందులో బంకమట్టి ముద్ద పెట్టి, లోడుతో గతుకు ఎక్కించి దించు. నలిగాక ముద్ద ఎంత మందం మిగిలితే అంతే నీకున్న చోటు. పైన మడ్‌గార్డుకే తగులుతుంటే మాత్రం పట్టీ పనికొస్తుంది. కానీ వెనక బ్రేకుకి లోడుని బట్టి పనిచేసే వాల్వు ఉంటే, బాడీ లేచేసరికి అది బండి ఖాళీ అనుకుని బ్రేకు తగ్గించేస్తుంది. దాని లింకు మళ్లీ సెట్ చేయించాలి.

ఆఫ్‌సెట్ (రిమ్ నడిమధ్య నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా ఉండే దూరం) తక్కువున్న రిమ్ వేస్తే చక్రం బయటికి జరుగుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. చక్రానికీ హబ్బుకీ మధ్య పెట్టే స్పేసర్ల జోలికైతే అసలు పోకు. బండిలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర దొరికిపోతావు.

నన్నడిగితే 165లోనే ఎక్కువ ప్లై (టైరు లోపలి పొరల బలం) ఉన్న టైరు వేసుకో.