టీనేజ్ రొమాన్స్ నవలల్లో దేవదూత మనిషిని ప్రేమించి స్వర్గం పోగొట్టుకునే కథ బైబిల్లో ఉందా?

ఆ ప్రేమకథ బైబిల్లో లేదు, దాని విత్తనం మాత్రం ఉంది. ఆదికాండము 6వ అధ్యాయం మొదట్లో ‘దేవుని కుమారులు’ మనుషుల కుమార్తెల అందం చూసి వాళ్ళను పెళ్ళాడారని, ఆ రోజుల్లో నెఫీలులు అనే బలశాలులు భూమి మీద ఉండేవారని నాలుగే వచనాల్లో చెప్పి వదిలేశారు. ఆ దేవుని కుమారులు ఎవరో కూడా అక్కడ చెప్పలేదు. రచయితలకు ఇంతకన్నా మంచి ఖాళీ ఏం దొరుకుతుంది!

ఆ ఖాళీని మొదట నింపింది హనోకు గ్రంథం అనే ప్రాచీన యూదు రచన. ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చి దీన్ని బైబిల్లో భాగంగానే చదువుతుంది, మిగతా చర్చిలు చాలావరకు చేర్చుకోలేదు. అందులో 200 మంది దేవదూతలు హెర్మోను కొండ మీద దిగి, ఎవరూ వెనక్కి తగ్గకూడదని ఒట్టు పెట్టుకుని మరీ స్త్రీలను పెళ్ళాడతారు. వాళ్ళకు పుట్టినవాళ్ళు ఊళ్ళను తినేసే రాక్షసాకారులు. అజాజేలు అనే దూత మనుషులకు కత్తులు చేయడం, కళ్ళకు రంగు దిద్దుకోవడం కూడా నేర్పుతాడు. చివరికి అతని కాళ్ళూ చేతులూ కట్టి చీకట్లో పడేస్తారు. నవలల్లోని విరహం, త్యాగం ఇక్కడ వెతికినా కనిపించవు.

చాలామంది పొరబడేది నెఫీలుల దగ్గర. స్వర్గం నుంచి పడిపోయిన దూతలే నెఫీలులు అనుకుంటారు. హనోకు కథలో దూతలు తండ్రులు, నెఫీలులు వాళ్ళ సంతానం. దేవుడికి ఎదురుతిరిగి పడిపోయిన లూసిఫర్ కథ వేరు, దానికి ప్రేమతో సంబంధమే లేదు. నవలలు ఈ రెంటినీ కలిపేస్తాయి.