మచ్చలేని గొర్రెపిల్ల, పేదవాని గువ్వ

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాచీన యూదుల బలులను గురించి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష బాగుంది, కాని మనసు మంచిదైతే అర్పణలో లోపమున్నా దేవుడు పట్టించుకోడని మొదటి పేరాలోనే తేల్చివేశావు. నీవు ఆధారం చేసుకున్న గ్రంథాలు ఆ మాటను అంత సులువుగా అనవు. బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండము 22వ అధ్యాయం గుడ్డిదానిని, కుంటిదానిని, గజ్జి పట్టినదానిని బలిపీఠం దగ్గరికి రానివ్వదు. మలాకీ ప్రవక్త దేవుని మాటగా ఇంకా సూటిగా అడుగుతాడు: రోగం వచ్చినదానిని తెచ్చి నాకు అర్పిస్తున్నారే, దానినే మీ అధికారికి కానుకగా ఇచ్చి చూడండి, అతడు సంతోషిస్తాడా?

ఆ ప్రశ్న చదివినప్పుడల్లా నా పాత రోజులు గుర్తుకు వస్తాయి. నాలుగుసార్లు తిరగరాసిన కథను పేరున్న పత్రికకు పంపి, అడుగున పడి ఉన్నదానిని ఊళ్లో కుర్రాళ్లు నడుపుకొనే లిఖిత పత్రికకు ఇచ్చేవాణ్ణి. ఓపికనంతా బయటివారి దగ్గర ఖర్చుచేసి, మిగిలిన విసుగును ఇంట్లో భార్యాపిల్లలకు వడ్డించిన రోజులకైతే లెక్కలేదు. మందలో మంచిది ఉండగా కుంటిదానిని తోలుకొని రావడమంటే ఇదే.

అయితే అదే లేవీయకాండములో 5వ అధ్యాయం చూడు. కొన్ని దోషాలకు గొర్రెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలను తేవచ్చు; అవి కూడా తేలేనివాడు ఏఫా అనే కొలతలో పదవ వంతు గోధుమపిండి తెచ్చినా పరిహారం జరుగుతుంది. పక్షిని ఈకలతోనే దహించడాన్ని గురించి వాయిక్రా రబ్బా అనే మిద్రాష్ సంకలనంలో, అంటే యూదు గురువుల లేఖన వ్యాఖ్యానాల కూర్పులో, ఒక వ్యాఖ్య ఉంది: కాలే ఈకల కంపును మామూలు మనిషి భరించలేడు, అయినా పేదవాని అర్పణతో బలిపీఠం శోభిల్లాలని అలా చేయమన్నారట. నీ వాక్యానికి దగ్గరిది యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో, మెనాహోత్ అనే భాగం చివర దొరుకుతుంది. హృదయాన్ని పరలోకం వైపు నిలిపినంతవరకు ఎక్కువ తెచ్చినవాడూ తక్కువ తెచ్చినవాడూ ఒకటే అని దాని భావం. జాగ్రత్తగా చదువు, అది ఎక్కువ తక్కువల గురించిన మాట, మంచి చెడ్డల గురించినది కాదు. ఈ తేడా పట్టుకుంటే నీ వ్యాసం నిలబడుతుంది.

ఇక రాతను గురించి. నీతి చెప్పే తొందరలో ఈ బలులు జరిగిన యెరూషలేము ఆలయంలోకి నీవు అడుగే పెట్టలేదు. ప్రతి ఉదయం బలి ఇచ్చే గొర్రెపిల్లను ముందటి సాయంత్రమే పరీక్షించినా, వధించేముందు కాగడాల వెలుగులో మళ్లీ పరీక్షించేవారని మిష్నాలోని తమీద్ భాగం చెబుతుంది. రాసినదాన్ని తిరిగి చూసుకోవడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అదే. శరీరలోపం వల్ల బలిపీఠ సేవకు అర్హత లేని యాజకులు ఒక గదిలో కట్టెలను ఏరి, పురుగు పట్టినవాటిని పక్కన పెట్టేవారని అదే మిష్నాలోని మిద్దోత్ భాగంలో ఉంది. నేటి మనసుకు ఈ నియమం బాధ కలిగిస్తుంది. దానిని దాచవద్దు, మెత్తబరచనూ వద్దు. మన అక్షతలతో పోల్చిన పేరా తీసివెయ్యి. విరగని గింజలన్న పోలిక చూడడానికి ముచ్చటగానే ఉంది కాని, పేదవాని గువ్వ దగ్గరికి వచ్చేసరికి అది నీకు తోడురాదు. రోమన్లు ఆ ఆలయాన్ని సామాన్యశకం 70లో కూల్చారనీ, మిష్నా సంకలనమయ్యేనాటికి ఈ నియమాలు వర్తించే బలిపీఠమే లేదనీ ఒక్క వాక్యంలోనైనా పాఠకుడికి చెప్పు.

తిరగరాసి పంపు. ఆలయ కోశాధికారి పిండిలోకి చెయ్యి దూర్చి చూసేవాడట. చేతికి దుమ్ము అంటుకొని వస్తే, జల్లించేవరకు ఆ పిండి పనికిరాదు. నీ రెండవ ప్రతిలోనూ నేను చెయ్యి పెట్టి చూస్తాను.