డైవ్ గురించి రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. కందుకూరులో కూర్చుని ఇంగ్లీషు ‘డైవ్’ పుట్టుపూర్వోత్తరాలు రాయబూనావంటే ముచ్చటేసింది. అయితే పెన్ను తీసి నేను మొదట కొట్టేసింది మాత్రం నువ్వు బాగా మురిసిపోతూ రాసిన పేరానే. డైవ్‌కీ మన దీవికీ చుట్టరికం కలిపావు చూడు, అది. దీవి మనకు సంస్కృత ద్వీపం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. డైవ్ జర్మానిక్ కుటుంబపు మాట, డీప్, డిప్ దాని దాయాదులు. చెవికి ఒకేలా వినపడినంత మాత్రాన మాటలు బంధువులైపోవు. ఇలాంటి పేరాలకే లైకులు ఎక్కువ పడతాయి, అదే తంటా.

అసలు సరుకున్న చోట రెండు వాక్యాల్లో దాటేశావు. పాత ఇంగ్లీషులో ఇవి రెండు క్రియలమ్మా. ‘డూవన్’ అంటే తాను మునగడం, ‘డ్యూవన్’ అంటే ఇంకోదాన్ని ముంచడం. మనకు మునుగు, ముంచు ఉన్నట్టే. మధ్యయుగాల్లో రెండూ కలిసి ఒకటైపోయాయి, ముంచే పని క్రమంగా జారిపోయింది. అంటే మొదట్లో ఆ మాటలో దూకడం లేదు, మునకే ఉంది. తలకిందులుగా దూకడం, విమానం ముక్కు దించి కిందికి రావడం, అమెరికాలో నేలమాళిగల్లోని నాసిరకం సారాకొట్లను డైవ్ అనడం, ఇవన్నీ తర్వాతి సంగతులు. భూతకాలంలో ‘డోవ్’ అనడం కూడా 19వ శతాబ్దంలో అమెరికావాళ్లు డ్రైవ్, డ్రోవ్ చూసి అలవాటు చేసుకున్నదే.

మరి నీళ్లలోకి ఒక్కసారిగా పడి మునగడాన్ని చెప్పే ప్లంజ్‌ని ఎందుకు వదిలేశావు? లాటిన్‌లో సీసం అనే లోహాన్ని ‘ప్లుంబుమ్’ అంటారు. లోతు తెలుసుకోవడానికి తాడుకి సీసం కట్టి నీళ్లలోకి వదిలేవాళ్లు. ఆ పనిలోంచి పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది ప్లంజ్. మన ఇంటికొచ్చే ప్లంబర్ పేరూ ఆ సీసంలోదే. ఈసారి ఒంగోలు వెళ్తే కొత్తపట్నం దాకా పో. వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, వల అడుగుతాడుకి వరసగా గుచ్చిన సీసాన్ని చేతిలోకి తీసుకుని చూడు. ఆ బరువు తెలిస్తే పేరా దానంతటదే కదులుతుంది.

ఇక నేలపట్టు పక్షుల కేంద్రం గురించిన పేరా. (2022లో అది తిరుపతి జిల్లాకు పోయింది గానీ, నా నోటికింకా నెల్లూరు నేలపట్టే.) “గూడబాతులు ఆకాశం నుంచి డైవ్ చేశాయి” అని రాశావు. మన గూడబాతు, అదే పెలికాన్, అలా చెయ్యదు. ఈదుతూ ఈదుతూ ముక్కు కింది సంచితో చేపను తోడేసుకుంటుంది. పైనుంచి దూకేది లకుముకిపిట్ట. నీటికాకి తీరు వేరు. నీళ్ల మీదున్నది ఉన్నట్టే చప్పుడు లేకుండా మునుగుతుంది, నువ్వు చూస్తున్న చోట కాకుండా ఇంకెక్కడో తేలుతుంది, ఆ తర్వాత మోడెక్కి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంది. ఇంగ్లీషువాడు ఈ రెండింటికీ డైవ్‌తో సరిపెట్టుకుంటాడు. మనం అక్కడ దూకింది, ఇక్కడ మునిగింది అనాలి. డైవ్ చేసింది అని రాశావా, పిట్టను నువ్వు చూళ్లేదని దొరికిపోతావు. ఆ మాటకొస్తే బాతుకు డక్ అన్న పేరు కూడా మునగడం అనే క్రియ నుంచే వచ్చింది. పెట్టినవాడెవడో గట్టు మీద నిలబడి చూసే పెట్టుంటాడు.

చివర్లో “సాహిత్యంలోకి డీప్ డైవ్ చేద్దాం” అన్నావు. అది ఆఫీసు మీటింగుల మాట, తీసెయ్. దాని బదులు తిక్కన శల్యపర్వం తెరువు. దుర్యోధనుడు మడుగులో దాగిన ఘట్టంలో నీళ్లలోని మనిషికీ ఒడ్డునున్న మనుషులకీ మాటలెలా నడిపాడో చూడు. మన నెల్లూరాయనే కదా, చదవడానికి బెరుకేం అక్కర్లేదు.

ఈ నెల సంచికకే ఇవ్వాలని ఆత్రపడకు, మునిగిపోయిందేం లేదు. తిరగరాసి పంపేటప్పుడు పాత ప్రతి కూడా జతచెయ్. నేను గీతలు పెట్టిన చోట నువ్వేం చేశావో పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇట్లు,
మాస్టారు
నెల్లూరు